సున్నం చాలని రోజు

ఆదివారం పొద్దున్న నా టీకొట్టు కాడ
ఇద్దరు ముసలోళ్ళు డెబ్బై ఎనిమిదిలోకి ఎళ్ళిపోతారు.
బెంచీకి ఈ చివర పొట్నూరు ఫల్గుణరావు గారు,
పర్లాకిమిడి కాలేజీ.
ఆ చివర బృందావన్ పాఢి గారు,
చదువు బరంపురం, కాపురం ఇక్కడ.
మధ్యన ఖాళీ.
మొన్నటిదాకా ఇంకో ఇద్దరు కూకునేవారు.

ఆగస్టు నెల. కాలేజీల ఫైనలు.
చిన్న రైలు రెండు గంటలు లేటు.
గుణుపురం, కాశీనగరం జనం
పెట్టెల మీద కూడా ఎక్కి వచ్చేరు.
ఇంజను డ్రైవరు బొగ్గు చేతుల్తోనే
మైదానంలోకి దిగిపోయేడని ఫల్గుణరావు గారు.
దిగలేదు, ఇంజను మీంచే చూసేడని పాఢి గారు.
ఈ ఒక్క ముక్కకే
రెండు టీలు అయిపోతాయి.

తర్వాత లోకనాథ్ సబర.
గుమ్మ కొండల కుర్రాడు.
కాలేజీవాళ్ళు బూట్లిస్తే
గుంజ కాడ ఒగ్గేసి వట్టికాళ్ళతో ఆడినవాడు.
అతని పేరొస్తే ఇద్దరిదీ ఒకటే జట్టు.
ఉయ్యాల్లోంచి చంటిపిల్లని తీసినట్టు
ఎడమకాలితో బంతి తీసేవాడని
ఒకరు మొదలెడితే ఒకరు ముగిస్తారు.
అప్పుడు పాఢి గారు తెలుగులో,
ఫల్గుణరావు గారు ఒడియాలో.

ఆఖరి నిమిషం. బరంపురానిది ఒక గోలు.
మనది సున్నా. వాన.
లోకనాథ్ తన్నేడు.
బంతి అడ్డకర్రకి కొట్టుకుని
నిట్టనిలువుగా దిగి
బురదలో ఒక్క చిటిక సేపు కూకుంది.
గోలీ లాగేసుకున్నాడు.
'హేలా!' అని ఈ గట్టు.
'హేలా నాయ్!' అని ఆ గట్టు.
రెఫరీ, కొరాపుట్టు మేష్టారు,
కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.
ఈల మోగలేదు.

గీత దాటింది బాబూ.
గీత మీదుంది బాబూ.
జానెడు లోపల.
బెత్తెడు ఇవతల.
రెండు గ్లాసులు గోలుకర్రలు, బిస్కట్టు ముక్క బంతి,
ఒలికిన టీలో వేలు ముంచి
బల్ల మీద గీత గీస్తారు.
నేను గుడ్డతో తుడిచేస్తాను.
మళ్ళీ గీస్తారు.

గీత.

మా అయ్య ఆ మైదానం కాపలాదారు.
కింతలి అప్పన్న అనే పేరు
ఈళ్ళ కథలో ఎప్పుడూ రాదు.
ఆ పొద్దున్న సున్నం చాల్లేదు.
ముందు రేతిరి జల్లుకి బస్తా తడిసి
సగం గడ్డకట్టేసింది.
మూడు వైపులా గీసేసరికి డబ్బా అడుగు తగిలింది.
రైలొచ్చేస్తాది, పెద్దోళ్ళొచ్చేస్తారు.
అయ్య నా వైపు చూసేడు.

తొమ్మిదేళ్ళ గుంటని.
ఇంటికి పరిగెత్తి
అమ్మ ముగ్గుచిప్ప పట్టుకొచ్చేను.
తూరుపు గోలు గీత నేనే గీసేను,
రెండు వేళ్ళ సందులోంచి పిండి ఒదులుతూ,
వెనక్కి వెనక్కి నడుస్తూ,
ఈ కర్ర కాడ్నించి ఆ కర్ర దాకా.
సగంలో చెయ్యి తిరిగిపోయింది.
వాకిట్లో అలవాటు. చిన్న వంపు.
సరి చేద్దారంటే పిండి లేదు.
'ఒగ్గేయే, ఎవుడు సూత్తాడు' అన్నాడు అయ్య.

ఎవడూ చూడలేదు.
వాన పట్టిన పావుగంటకి
ఆ గీత నీళ్ళతో కలిసి
మహేంద్రతనయ వైపు ఎళ్ళిపోయింది.
బంతి పడేసరికి అక్కడ బురదే.
గోనె కప్పుకుని గోలు వెనకాలే నిలుచున్నాను నేను.
సరిగ్గా వంపు తిరిగిన చోటే పడింది.
తిన్నటి గీతయితే ఒక లెక్క,
నా గీతయితే ఇంకో లెక్క.

అయ్య పోయేడు.
చిన్న పట్టాలు పీకేసి పెద్దవి ఏసేరు.
లోకనాథ్ అస్సాం తేయాకు తోటలకి పోయేడని కొందరు,
కొండ మీదే జొన్న ఏసుకుంటన్నాడని కొందరు.
టీ ఇచ్చేదానికి బంతాట ఏటి తెలుస్తాదని
నన్నెవరూ అడగలేదు.

ఈ వారం ఫల్గుణరావు గారు రాలేదు.
శ్రీకాకుళంలో కంటి ఆపరేషను.
పాఢి గారు ఒక్కరే
రెండు గ్లాసులూ నిలబెట్టేరు,
బిస్కట్టు తుంచేరు.
గీత గియ్యలేదు.
నా వైపు చూసేరు.

గుడ్డ పక్కన పెట్టి
వేలు టీలో ముంచేను.
ఈ గ్లాసు కాడ్నించి ఆ గ్లాసు దాకా.
సగంలో
చెయ్యి తిరిగిపోయింది.