గేటు రంగు

జుమ్మేరాత్ బజార్ల ఒక బేస్తవారం
కుక్కర్ మూత కొందామని పోయి
యెజ్డీ కొనుక్కొని వచ్చిన.
ఏడువేల మూడొందలు.
పురానాపూల్ నుంచి లాలాగూడ దాకా
ట్రాలీ ఆటోకు ఇంకో ఏడొందలు,
దించినందుకు చాయ్ పైసలు వేరే.

మెట్ల కింద పెట్టిన.
ఓనరు ఆల్బర్ట్ సారు, రైల్వేల గార్డు చేసి దిగినాయన,
చుట్టూ ఒక రౌండు తిరిగి
"దీనికి సిగ్నల్ ఎప్పుడిస్తవమ్మా" అన్నడు.

ఎందుకని అడిగినోళ్లకు
ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పిన.
మా ఆయనకు: బాగుచేసి అమ్మితే లాభమొస్తది.
పక్కింటి శివలీలకు: ఇనుము ధర పెరుగుతున్నది.
నన్ను నేను అడుగలే.

బ్లౌజుల లెక్కల పుస్తకంలనే
వెనక పేజీ నుంచి దీని లెక్క షురూ చేసిన.
ముందర నుంచి వచ్చేవి:
ఫాల్ కుట్టుడు నూరు, చేతుల వదులు అరవై.
వెనక నుంచి పోయేవి:
పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేట్లు,
రాణిగంజ్ల దొరకక, గోషామహల్ల
గంటసేపు బేరమాడి పట్టుకొచ్చిన కార్బరేటర్.
ఒకే పట్టా మీద రెండు బండ్లోలె
నడిమి పేజీల ఎదురైతయని భయం.

వాహెద్ చాచ చిలకలగూడల దుకాణం మూసి ఆరేండ్లు.
చేతులు వణుకుతయి, పానా నిలువదు.
కుర్చీ ఏస్తే కూసుండి చెప్తడు, నేను విప్పుత.
"ఎడమకు బేటీ. జోర్ నక్కో.
బోల్టుకు గూడ ఇజ్జత్ ఉంటది."
ఒకటి ఎంతకూ రాకపోతే
డీజిల్ పోసి రాత్రంత ఇడిచిపెట్టుమన్నడు.
తెల్లారి తనే వదులైంది,
అలిగిన మనిషి అన్నానికి లేచినట్టు.

ట్యాంకు లోపలంత తుప్పు.
సాఫ్ చేసుటానికి దుకాణంల పదిహేను వందలడిగిన్రు.
అర్ధకిలో చింతపండు పిసికి పోసి
పిడికెడు కంకర ఏసి, మూత బిగించి
కొంగు నడుముకు చెక్కి
ఊపిన, ఊపిన,
శివలీల మనుమరాలు ఆ చప్పుడుకు నిద్రపోయేదాక.
ఎర్రటి పులుసు మోరీల పారింది.
ఆ నెల మా ఇంట్ల చారు లేదు.

సీటు నేనే కుట్టిన.
రెగ్జిన్ మీద రెండు సూదులు విరిగినయి.
బ్లౌజు మెడకు పెట్టినట్టే అంచుకు పైపింగ్ పెట్టిన.
చాచ వేలితోటి తడిమిండు, ఏమనలే.
ఇంకోసారి తడిమిండు.

రంగుకు పైసల్లేవు.
పోయిన క్రిస్మస్‌కు గేటుకు కొట్టంగ మిగిలిన ఎనామిల్
డబ్బాల మీగడ కట్టి ఉండె.
మీగడ తీసి, పాత వాయిల్ గుడ్డల వడగట్టి
కుంచెతోనే కొట్టిన. ఆకుపచ్చ.
వంగి చూస్తే మడ్‌గార్డు మీద
కుంచె వెంట్రుక ఒకటి అతుక్కొని కనబడ్తది. తియ్యలే.

పాయింట్ల నడుమ సందు ఎంతుండాలె?
గేజ్ లేదు, నా టేపు మీద అంత సన్న గీత లేదు.
ఎవరిదో పెండ్లిపత్రిక అంచు కత్తిరించి
సందుల పెట్టి చూసినం. సరిపోయింది.

ఈ బండికి కిక్కు రాడే గేరు రాడు.
లోపలికి నొక్కి తిప్పితే లేపుతది,
మళ్ల కిందికి వంచితే నడిపిస్తది.
మా ఇంట్ల ఆ రాడు నేనే.

ఆదివారం పొద్దున. పదకొండు కిక్కులు, ఏం లేదు.
మా ఆయన నైట్ డ్యూటీ దిగొచ్చి
మెట్ల మీద బూట్లు విప్పుకుంట చూస్తున్నడు.
పన్నెండుకు ఒక దగ్గు.
చాచ చెయ్యెత్తిండు: ఆగు.
పద్నాలుగుకు పొగ, తెల్లగ, చింతపండు వాసనతోటి,
లేదు, అది నాకే తోచింది,
ఎనక చప్పుడు.
చాచ లేచి రెండు చేతులు సీటు మీద ఆనిచ్చిండు.
బండి వణుకేదో ఆయన వణుకేదో
తెల్వలే.

హారన్ మోగదు.
స్పీడు ముల్లు అరవై మీద ఇరుక్కున్నది,
నిలబడ్డా అరవై, ఉరికినా అరవై.
కాయితాలకు ఆర్టీయే ఆఫీసుల ఎంతడుగుతరో
ఇంకా కనుక్కోలే.
గల్లీ చివరి దాకనే, ఫస్ట్ గేర్లనే, పోయి మర్లి వచ్చిన.

ఆల్బర్ట్ సారు వాకిట్ల నిలబడి
బండిని చూసి, గేటును చూసి,
మళ్ల బండిని చూసిండు.
"అమ్మా, నా గేటు ఎటు పోయొస్తున్నది?"