లోపలి మడత

జూన్ మొదటి వారం.
భీమవరంలో వాన పడలేదింకా,
రొయ్యల చెరువుల మీంచి మేత వాసన మాత్రం వచ్చింది.
మిషను దుమ్ము దులిపి
టేపు మెళ్ళో వేసుకుని కూచున్నాను.

ఇదివరకు ఈ వారం నాకు నిద్రుండేది కాదు,
ఊళ్ళో సగం బళ్ళ లాగూలు నా చేతి కిందే పుట్టేవి.
ఇప్పుడు యూనిఫాం అట్టపెట్టెల్లో దిగుతోంది.
ఆరో తరగతికి ఆరో తరగతి సైజు,
ఏడుకి ఏడు.
పెట్టెలో పట్టని పిల్లలే
నా మెట్లెక్కుతారు.
చెప్పుకోడానికి సిగ్గే గానీ
ఏటేటా నా గిరాకీ పెరుగుతోంది.

జయదత్త. పదకొండేళ్ళు.
వాళ్ళమ్మ స్కూటీ దిగకముందే చెప్పింది:
"కాస్త వదులుగా కుట్టండి మాస్టారూ,
వీడు ఆగట్లేదు."
వాడు అద్దానికి వీపు పెట్టి నిలబడ్డాడు.
నడుం చుట్టూ టేపు తిప్పబోతే
ఊపిరి బిగబట్టాడు.

"వదిలెయ్ నాన్నా,
ఊపిరి పీల్చేటప్పుడు కూడా తొడుక్కోవాలిగా బట్టలు."

వదల్లేదు.
నా చెవి దగ్గరికి వంగి అన్నాడు:
"అంకె పైకి చెప్పకండి."

నలభయ్యేళ్ళుగా అంకెలు అరవడమే నా పని.
ఛాతీ ఇరవయ్యారూ, నడుం ఇరవై రెండూ,
మూల బల్ల మీద వీరాస్వామి రాసుకునేవాడు.
వరసలో ఉన్న పిల్లలు విని నవ్వేవారు,
అప్పట్లో మరీ సన్నంగా ఉన్నవాణ్ణి చూసి.

వీడి నాన్న కొలతలూ ఉన్నాయి నా పాత పుస్తకంలో.
ఉండి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. నడుం ఇరవై.
లాగూ జారకుండా బొందు కుట్టమంది వాళ్ళమ్మ.
"తిండి పట్టని పిల్లాడండీ" అంది.
బియ్యం డబ్బా అడుగు గీసిన చప్పుడు
ఆ మాటలోనే వినపడింది నాకు.

అంచేత ఆ రోజులే మేలని నేననను.
ఆ బొందు బిగించుకున్న చెయ్యే
ఇవాళ కొడుకు కంచంలో ఇంకో గరిటె వేస్తోంది.
"చాలు" అనే మాట
ఆ ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదింకా.

వాడి బడి చూశాను నేను.
అయిదంతస్తులు, లిఫ్టు.
ఆటస్థలం గోడమీద పెయింటు:
ఆకుపచ్చ గడ్డి, బంతి వెనక పరుగెడుతున్న పిల్లలు,
అందరికీ ఒకటే నడుం.
డ్రిల్లు పీరియడు లెక్కలకి ఇచ్చేశారట.
సాయంత్రం ట్యూషనుకీ ట్యూషనుకీ మధ్య
బేకరీ ముందు పది నిమిషాలు.
ఆ పదీ వాడివి.
బడి వెనక కాలవంతా గుర్రపుడెక్క,
దిగితే ఒళ్ళంతా దురదలు.

క్లాసులో ఏమని పిలుస్తారో నేనడగలేదు.
వాళ్ళమ్మే చెప్పింది, వాడి ఎదురుగానే:
"డ్రమ్మంటారండీ."
వాడూ నవ్వాడు.
నా కొట్లో ఆ పూట
వాడికి బిగుతైంది ఆ నవ్వొక్కటే.

వీరాస్వామిని కూచోమని సైగ చేసి
అంకె నేనే రాసుకున్నాను,
పరీక్షలో పిల్లాడిలా చెయ్యి అడ్డం పెట్టి.

ఫోనొచ్చి ఆవిడ బయటికెళ్ళింది.
"తొక్కొచ్చా?" అన్నాడు మిషను చూసి.
దారం లాగేసి
సూది కింద పాత గుడ్డ పెట్టి కూచోబెట్టాను.
చక్రం మొదట వెనక్కి తిరిగింది,
మళ్ళీ వెనక్కే.
ఎప్పుడు దొరికిందో పట్టు దొరికింది,
కొట్టంతా టకటక.
మెడ మీద చెమట.
ఊపిరి వస్తోంది, పోతోంది,
పొట్ట దాని మానాన అది కదులుతోంది,
వాడు చూసుకోలేదు.

"ఇదేం పనిరా, చొక్కా తడిపేశావ్!"
ట్యూషనుకి టైమైందట.

రాత్రి కత్తెర పట్టాను.
నడుం దగ్గర లోపల మడత ఉంచాను.
విప్పితే వదులవుతుంది,
ఇంకో వరస వేస్తే తగ్గుతుంది.
ఏది అడగడానికి వస్తారో నాకు తెలీదు.

దారం లేని ఆ చుక్కల గుడ్డని
వాడి పేజీలో పెట్టాను.
"ఇదేం కొలతండీ?" అన్నాడు వీరాస్వామి
దీపానికి అడ్డం పెట్టి చూస్తూ.
చుక్కచుక్కలోంచీ కాస్త వెలుతురు.