అంగుళాలు

కనిగిరిలో పామూరు రోడ్డు మీద
జిలానీ సాయిబు మిషను కొట్టు.
డిసెంబరు పదో తారీఖు దాటితే
గుడ్డలు తీసుకోమని మార్కాపురం పలక మీద రాసి
తలుపుకి తగిలిస్తాం.
పలక చదివినవాళ్ళు కూడా
గుడ్డలిచ్చే పోతారు.

నా పని కాజాలు, గుండీలు, టీ తేవడం,
ఆయన చెప్పే కొలతలు పుస్తకంలో ఎక్కించడం.
ఛాతీ, భుజం గట్టిగానే చెబుతాడు.
నడుము దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది.
ఆ నడుము గలవాళ్ళకే వినపడదు.
నిరుటి జాకెట్టు పట్టలేదని ఎవరైనా నసిగితే
"ఈ ఏడు బట్టలన్నీ ఇంతేనమ్మా,
నీళ్ళు తగిలితే చాలు, ముడుచుకుపోతన్నాయి"
అని నేరం మిల్లుల మీదికి తోసేస్తాడు.

మా నీళ్ళ సంగతి తెలిసిందే.
పళ్ళ మీద గారకట్టి, మోకాళ్ళలోకి దిగి
మనిషిని విల్లులా వంచే నీళ్ళు.
వెలిగండ్ల నుంచి ఆశీర్వాదం తాత వస్తే
ప్యాంటుకి రెండు కాళ్ళూ వేరు వేరుగా కొలుస్తాడు సాయిబు.
"రెండుసార్లు ఎందుకబ్బయా?" అంటాడు తాత, ప్రతి ఏడూ.
"మా కొట్టులో బండలు ఎగుడుదిగుడులే" అంటాడు ఈయన, ప్రతి ఏడూ.
ఆ బండలు రోజూ కడిగేది నేను.
నీళ్ళు పోస్తే
ఎటూ పారవు.

పనిలో చేరిన ఏడు నేనొక మాటన్నాను.
సువార్తక్కకి కాన్పై నాలుగు నెలలు.
పుస్తకం తిరగేసి, నవ్విద్దామనే,
"పోయినేటికీ ఇప్పటికీ అయిదంగుళాలక్కా!" అన్నాను.
కొట్టంతా నవ్వింది. అక్కా నవ్వింది.
ఇవ్వబోయిన గుడ్డ మళ్ళీ సంచిలో పెట్టుకుని
"మళ్ళొస్తాలే" అంది.
ఆ మళ్ళీ ఇంకా రాలేదు.

సాయిబు తిట్టలేదు.
పాత చొక్కా ఒకటిచ్చి కుట్లు విప్పమన్నాడు.
విప్పాక, వెలుతురుకి పట్టి చూడమన్నాడు.
దారం లేదు.
బెజ్జాలున్నాయి.
"ఊఁ, టీ తే పో" అన్నాడు.

ఈసారి ఇరవై రెండో తారీఖు రాత్రి.
కీబోర్డు, నక్షత్రం ఎక్కించుకుని క్యారల్స్ ఆటో
అప్పుడే సందు మలుపు తిరిగింది.
సగం దించిన షట్టరు కింద వంగి లోపలికొచ్చింది ఒక మనిషి.
చర్చిలో డ్రమ్ము వాయించే ప్రభుదాసు.
మూడేళ్ళ కింద ఒంగోలు వెళ్ళినవాడు.
తల మీద కొంగు. కవర్లో
నేరేడుపండు రంగు జాకెట్టు గుడ్డ.
"ఎవరికి?" అని నా నాలుక చివరిదాకా వచ్చింది.
మింగాను.
సాయిబు మెడలోంచి టేపు తీశాడు.
"పేరు చెప్పమ్మా, రాసుకుంటాడు."
ఆ 'అమ్మా' దగ్గర
ఆ మనిషి కాసేపు ఆగిపోయింది.
"ప్రభ."
"చేతులు బుట్టా, మోచేతి దాకానా?"
అంతే. వేరే ఏం మాట్లాడుకోలేదు.

ఇరవై నాలుగు మధ్యాహ్నం
చీటీ పట్టుకుని వచ్చింది వాళ్ళమ్మ ఎస్తేరమ్మ.
"మావాడి ఊసెత్తొద్దు" అని మూడేళ్ళుగా
వీధి వీధంతా నోళ్ళు మూయించిన మనిషి.
జాకెట్టు తిరగేసి, మరగేసి చూసింది.
వేలాడే దారప్పోగు పళ్ళతో కొరికింది.
"చంకల కింద బిగువేమో సాయిబూ."
"లోపల గుడ్డ వదిలానమ్మా. కావాల్సినప్పుడు విప్పుకోవచ్చు."
చాలాసేపు నిలబడింది.
తర్వాత సంచిలోంచి చీర తీసి బల్ల మీద పెట్టింది,
అదే రంగు, కొత్తది.
"దీనికి ఫాలు కుట్టాల.
పొద్దున్నే ఆరాధనకి కట్టుకుంటదంట పిల్ల."

పిల్ల, అంది.
నేను కాజాలు ఆపి
ఆ రంగు దారం వెతికాను.

రాత్రి పదకొండుకి పని తెమిలింది.
పుస్తకంలో సువార్తక్క పేరెదుట అంకె కొట్టేశాను.
వాళ్ళిల్లు నాకు తెలుసు.
టేపు తీసుకుపోనా అని అడిగాను.
"టేపొద్దు" అన్నాడు సాయిబు,
షట్టరుకి తాళం వేస్తూ,
"ఉత్తచేతుల్తో పో."