ద్వారబంధం

మిర్చి యార్డుకి పోవాలంటే
పెన్‌డ్రైవ్ కంటే ముందు చేతిరుమాలు వెతుక్కుంటాను.
నాలుగేళ్ళుగా అదే పని, అదే తుమ్ము.

ఇవాళ పిలిచింది పేరయ్యగారి కొట్టు.
కంప్యూటర్ కొత్తది, మొన్ననే అరండల్‌పేటలో కొన్నారు,
తెర మీది ప్లాస్టిక్ పొర ఇంకా ఒలవలేదు.
కాటా బిల్లుల ప్రోగ్రాం మాత్రం పాతది.
దాన్ని రాసినాయన ఇప్పుడు చిలకలూరిపేట దగ్గర
గులాబీ అంట్లు అమ్ముకుంటున్నాడు.

నొక్కితే తెరుచుకోదు.
ఫ్రేమ్‌వర్క్ కావాలంటూ ఒక చిన్న పెట్టె.
కొత్తది పనికిరాదట, పాతదే కావాలట.

"ఏందమ్మా ఇది? యాభై వేలు పోశాను.
ఇల్లు కొన్నాక ద్వారబంధం విడిగా కొనుక్కోమంటారా?
దాంట్లోనే రాదా అది?"

వస్తుందండీ.
రాదండీ.
రెండూ నిజమే.
ఏది ముందు చెప్పినా నన్ను దొంగని చూసినట్టే చూస్తారు.

కొత్తది లోపలే ఉంటుంది, పుట్టుకతో.
పాతదానికి పేరుంటుంది, చోటుంటుంది,
జాబితాలో ఒక ఖాళీ గడి ఉంటుంది.
సరుకు మాత్రం ఎక్కడో దూరాన, ఎవరిదో సర్వర్లో.
అడిగితే పంపుతారు.
అడగొచ్చని తెలియాలి.

"కార్డులో పేరుండి బియ్యం రానట్టన్నమాట"
అన్నాడు గుమాస్తా నాగుల్ మీరా
చెవి మీది పెన్ను తీయకుండానే.
మూడేళ్ళ నా చదువులో
ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

గడిలో టిక్కు పెట్టాను. నెట్ నా ఫోన్‌దే.
ఆకుపచ్చ గీత పురుగులా పాకుతోంది.
బయట టిక్కీలు దిగుతున్నాయి, లోపల నాదొక్క టిక్కు.
వేలం కేకలు. ఎర్రదుమ్ము
ఎండలో మనిషెత్తున నిలబడి ఉంది.

గుమ్మం పక్కన రాహేలమ్మ తాలు ఏరుతోంది,
ఉత్త చేతుల్తో, మూతికి గుడ్డయినా లేకుండా.
నేను తొమ్మిదోసారి తుమ్మాను.
ఆమె తల కూడా ఎత్తలేదు.

"నీకు పుట్టుకతోనే రాదా పిన్నీ, తుమ్ము?"

"పుట్టుకతో ఎవరికొస్తదమ్మా ఏదన్నా.
మొదటేడు కళ్ళల్లో నిప్పులే.
ఎన్నిసార్లు కడుక్కున్నా
నేను ముట్టుకుంటే చంటిది కెవ్వుమనేది.
ఆ ఏడంతా దాన్ని మా అత్తే ఎత్తుకుంది.
పుల్లమజ్జిగతో కడుక్కోమని
రెండో ఏడు గాని ఎవరూ చెప్పలా."

కాయ తిప్పి చూసి, పక్కన పడేసి,
"నీకింకా ఎక్కలేదా?" అంది.

గీత తొంభై దగ్గర ఆగింది.
ఆగినంతసేపు ముగ్గురం దాన్నే చూశాం,
వానకోసం చూసినట్టు.
తర్వాత ఉన్నట్టుండి
తెరంతా పాత నీలిరంగు, కాటా బొమ్మ,
ఎడమ మూల గులాబీలాయన పేరు.

పేరయ్యగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు.
"ఇంతకీ లోపల ఉన్నట్టా, లేనట్టా?"

"ఇప్పుడుందండీ."

"మరి ఉన్నదానికి డబ్బులేంది?"

నాగుల్ మీరా అప్పుడు తీశాడు చెవి మీది పెన్ను.
ఖర్చుల ఖాతాలో, జనపనార పురికొసకీ
టీలకీ మధ్య, గుండ్రటి అక్షరాలతో రాశాడు:
ద్వారబంధం, మూడొందలు.

నోట్లు మడిచి జేబులో పెట్టుకుని
గేటు దాకా తుమ్ముతూనే పోయాను.