తాలు

పొద్దున ఏడింటికి మైక్రోస్కోపు ముందు కూర్చుంటాను.
అద్దం పలక మీద రాత్రి తీసిన నెత్తురు,
పలుచగా పూసి ఆరబెట్టిన ఊదారంగు.
ఎడమ నుంచి కుడికి, ఒక గీత కిందికి, కుడి నుంచి ఎడమకి
తాలు ఏరుతుంటాను.

ఆ మాట నాకిచ్చింది కొంరెల్లి.
ఎనుమాముల యార్డులో ఇరవై ఏండ్ల హమాలీ.
భుజం మీది నల్లమచ్చల్ని చపాటా బస్తాల కమిలింపనుకున్నాడు,
చిగుళ్ల నెత్తుర్ని తంబాకు మీదికి నెట్టాడు,
ప్లేట్‌లెట్లు తొమ్మిది వేలకు జారాక
హన్మకొండలో బస్సు దిగి నా గది వెతుక్కున్నాడు.
తెర మీద అతని కణాల్నే అతనికి చూపించాను.
కాసేపు చూశాడు, సరుకు చూసినట్టు.
"గివన్ని తాలే గద మేడం.
రంగు లేదు, కారం లేదు. బస్తా మాత్రం నిండుతది."
నేను పదకొండేళ్లు చదివిందంతా
అంతే.

తుంటి ఎముకలోకి సూది దించి సిరంజి వెనక్కి లాగుతాం.
ఎంత మొద్దుబార్చినా ఆ ఒక్క క్షణం
కాలి వేళ్లదాకా ఏదో పీల్చుకుపోతుంది.
మూలుగకూ మూలుగుకూ ఒక్క కొమ్మే తేడా అని
అతని పిడికిట్లో నలిగిన దుప్పటి చెబితే తెలిసింది.

సరిపడే మూలుగ అక్క దగ్గర దొరికింది.
ఓదెమ్మ, జమ్మికుంట.
బోరు మోటారు కాడ మొదలైన ఒక మాట మీద
తొమ్మిదేండ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.
సంతకానికి పెన్ను పట్టుకుని అడిగింది:
"నా నెత్తురు వాని ఒంట్లకు పొయ్యి
వానితోటి కొట్లాడుతదా?"
నవ్వబోయి ఆగాను.
మా పుస్తకాల్లో అది చాలా పెద్ద అధ్యాయం.
కొట్లాడొచ్చమ్మా, అన్నాను. చర్మం మీద, పేగుల్లో, కాలేయంలో.
కొంచెం కొట్లాడితేనే మంచిది,
మిగిలిన తాలుని కూడా తరిమేస్తుంది.
"కొంచెమంటె ఎంత?"
అది తెలియకనే నాకు నిద్రుండదు.

సంచి ఎక్కించిన రోజుని సున్నా రోజంటాం.
తర్వాత కూడా సున్నాలే.
తెల్లకణాలు సున్నా. సున్నా. నోరంతా పుండు. సున్నా.
పదహారో రోజు వేకువన డ్యూటీ డాక్టరు ఫోను:
"నూట ఇరవై మేడం!"
మిర్చికి జెండాపాట పలికినట్టు అరిచాడు.

అదే వరండాలో, ఆరో గదిలో, నిఖత్.
మండిబజారు పిల్ల, పంతొమ్మిదేళ్లు.
ఆమె కణాల్నే తీసి, దూరం పంపి, వేట నేర్పించి
మంచులో వెనక్కి తెప్పించాం.
కరిగించి ఎక్కిస్తుంటే గదంతా వెల్లుల్లి వాసన.
"అమ్మీ తాలింపు పెడుతోంది" అంది కళ్లు మూసుకుని.
తొంభైమూడో రోజు తాలు మళ్లీ కనిపించింది.
ఆ పలక నా సొరుగులో ఉంది.
అంచు మీద తేదీ, పెన్సిలుతో, నా రాత.

కొంరెల్లి వందో రోజు
హైదరాబాద్ ల్యాబు నుంచి ఒక కుర్రాడు:
"శాంపిల్ మారినట్టుంది మేడం.
పేరు మగాయనది, క్రోమోజోములు ఆడమనిషివి."
మారలేదు, అన్నాను.
మారింది, అన్నాను మళ్లీ.

కొంరెల్లికి చెబితే వేలి కొనను చాలాసేపు చూసుకున్నాడు.
"అయితే ముల్లు గుచ్చుకుంటె
కారేది మా అక్కనా?"

ఇప్పుడు బస్తాలు ఎత్తడు. కాంటా దగ్గర చీటీలు రాస్తాడు.
గొంతులో మిర్చి ఘాటు పడకుండా మాస్కు,
దాని మీద తువ్వాల.
అక్కాతమ్ముళ్లు ఇంకా మాట్లాడుకోవట్లేదట.

మొన్న రాత్రి పదింటికి ఫోను చేశాడు.
"జమ్మికుంటల అక్కకు జరమట మేడం.
మరి నాకేమన్న అయితదా?"

ఏం కాదు, అన్నాను.
పెట్టెయ్యలేదు. లైన్లోనే ఉన్నాడు.
"మంచిగైతది గద?" అన్నాడు.
ఎవరికి అని
నేను అడగలేదు.