కంచె పక్క వరస

ఏప్రిల్ ఆఖరుకి కూడా రూయియెనలో మన్ను
ముట్టుకుంటే వేలు జివ్వుమంటుంది.
బఠాణీకి అదే ఇష్టం.
రాత్రంతా గిన్నెలో నానిన గింజలు
తెల్లారేసరికి ముడతలు విప్పుకుని
పసిపిల్లల మడమల్లా నున్నగా ఉంటాయి.
రెండు కణుపుల లోతు. పైన మన్ను. కాకులకి కనపడకుండా ఓ పాత వల.

ఓయార్స్ బిర్చ్ రెమ్మలు నరుక్కొచ్చి పాతుతాడు,
తాగినవాళ్ళని వరసలో నిలబెట్టినట్టు.
తిన్నగా పాతమంటే
"తీగకి తిన్నదనంతో పనేంటి, పట్టు దొరికితే చాలు" అంటాడు.
ముప్పైయేళ్ళ కాపురంలో
నేను ఎదురు చెప్పని మాట ఇదొక్కటే.

మేలో నులితీగలు బయల్దేరతాయి
చీకట్లో స్విచ్చి కోసం గోడ తడిమే వేళ్ళలా.
జూన్‌లో తెల్లపూలు.
పువ్వు వాడి, దాని చివరి రేకు ఇంకా వదలని కాయ,
మొదట ఖాళీ జేబులా బల్లపరుపుగా;
ఎండకెత్తి చూస్తే
లోపల బుల్లి గింజలు, బస్సులో ఒకే వరస సీట్లు.

కోసేటప్పుడు రెండు చేతులూ కావాలి.
ఒక చెయ్యి తీగని పట్టుకోవాలి, ఒకటి కాయని తుంచాలి.
తొందరపడితే తీగంతా ఊడి చేతికొస్తుంది.
కోసిన గంటకే తీపి దిగిపోతుంది.
అందుకే పెరటికీ పొయ్యికీ మధ్య ఇరవై అడుగుల్లో
సగం గింజలు దారి తప్పుతాయి.
వెన్న కరిగించి, సోయికూర తరిగి,
ఓయార్స్ ఖాళీ మూకుడుకి కాపలా కాస్తుంటాడు.

ఆ యేడు కంచె దగ్గర కాయలు కొన్ని
చూడ్డానికి నిండుగా ఉండి, పట్టుకుంటే బోలుగా తగిలాయి.
అతుకు మీద గోటి గాటు. లోపల ఏమీ లేదు.
చదివేసిన ఉత్తరాన్ని మళ్ళీ మడిచి కవర్లో పెట్టినట్టు
మళ్ళీ మూసి ఉంది.
పురుగు కాదు. పిట్టా కాదు, పిట్టకి ఇంత మర్యాద తెలీదు.

కర్టెన్ వెనక కూర్చున్నాను.
పదకొండూ పదికి సైకిలు కంచెకి ఆనింది.
పోస్టు జిద్రా.
డబ్బాలో కరెంటు బిల్లు పడేసి,
అటూ ఇటూ చూసి,
బొటనవేలితో ఒక కాయ, టప్.
కళ్ళు మూసుకుని నమిలింది.
నేను కర్టెన్ కదపలేదు.

మరుసటేడు కంచె పక్కనే ఇంకో వరస వేశాను.
"ఆ నీడలో ఎందుకు?" అన్నాడు ఓయార్స్.
గింజలు మిగిలాయన్నాను.
నాలుగు వేసవులు. మా ఇద్దరి మధ్యా మాటలంటే
వాన, వాన రాకపోవడం.

ఐదో యేడు మార్చిలో రూట్లు కలిపేశారు.
ఇప్పుడు వారానికి రెండుసార్లు వ్యాను.
కుర్రాడు ఇంజను ఆపడు.
తెలిసే వేశాను వరస. చేతుల అలవాటు.
కొయ్యబుద్ధి కాలేదు.
కాయలు పసుపెక్కి, కాగితమై,
సెప్టెంబరు గాలికి గలగలా తమలో తాము గొణుక్కున్నాయి.

మా దగ్గర క్రిస్మస్ రాత్రి బఠాణీల గిన్నె
అడుగంటా ఖాళీ చెయ్యాలి.
ఎన్ని గింజలు మిగిలితే వచ్చే యేడు అన్ని కన్నీళ్ళు.
పొగపట్టిన మాంసంతో, ఉల్లిపాయతో
పొట్ట పట్టనంతా తిన్నాం.
కానీ ఒక గుప్పెడు ముందే సొరుగులో దాచానని చెప్తే
"ఉడకని గింజ లెక్కలోకి రాదు"
అని తీర్పిచ్చాడు ఓయార్స్.

అడ్రసు బేకరీ పిల్ల చెప్పింది.
వల్మియెరాలో, అక్క వాళ్ళింట్లో, నాలుగో అంతస్తు.
బాల్కనీ ఉందట.
ఉత్తరం రాయలేదు. ఏమని పిలవాలి, దొంగా అనా?
గింజలు పోసి, కవరు అంటించి,
స్టాంపు ఎంతకో తెలీక రెండు అతికించాను.

కుర్రాడు కవరు చెవి దగ్గర ఆడించాడు.
"ఏంటమ్మా ఇందులో?"

ఇంజను ఆపు, చెప్తాను, అన్నాను.