పది పనిదినాలు

హాప్సాలు లైబ్రరీలో బుధవారం మధ్యాహ్నాలు
పెద్దవాళ్ళ కంప్యూటర్ తంటాలు తీర్చడం నా పని.
పాస్‌వర్డ్ మర్చిపోయి కొందరు,
ఫొటోలన్నీ ఎటో పోయాయని కొందరు.
సల్మె పిహ్లాక్ గారు మాత్రం భుజాల మీది మంచు దులిపి
టోపీ మడిచి జేబులో పెట్టుకుని
పోలీస్ స్టేషన్లో చెప్పినట్టు చెప్పారు:
"ఈ బూట్ల కొట్టువాడు నన్ను నువ్వు అంటున్నాడు."

నలభై ఒక్క ఏళ్ళు ఈ ఊరికి లెక్కలు నేర్పిన మనిషి.
మా నాన్న చెవి మెలిపెట్టిన చెయ్యి
నా చెవికీ తెలుసు.
మేయరు సైతం ఆవిడ ఎదురైతే సిగరెట్ వీపు వెనక్కి పోతుంది.
చేపలమ్మేవాడికి మీరు,
మట్టిస్నానాల ఆసుపత్రి నర్సుకి మీరు,
నాకు చెప్పనే అక్కర్లేదు.

మూడేళ్ళ కిందట కొన్నది ఒకే ఒక జత రబ్బరు బూట్లు,
నాచురంగు, ముప్ఫై ఎనిమిదో సైజు.
అప్పట్నుంచి వదల్లేదు వాడు.
తెరిచి చూస్తే ఆరువందల పన్నెండు ఉత్తరాలు.
సల్మె, నీ పాదాలు మమ్మల్ని మర్చిపోయాయా?
సల్మె, బుట్టలో ఏదో వదిలేసి వెళ్ళావు!
సల్మె, ఈ రాత్రి పన్నెండుతో ఆఖరు!
ఆ ఆఖరు ఎన్నిసార్లు వచ్చిందో
గళ్ళకాగితం మీద గీతలు గీసి తెచ్చారు.
ఎనభై నాలుగు.

ఉత్తరం అట్టడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో, తెలుపు మీద బూడిదరంగులో
నక్కి ఉంది తెంచుకునే దారి.
"ఇక్కడ నొక్కితే చాలండి" అన్నాను.
నొక్కలేదు.
మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి
కిటికీలోంచి గడ్డకట్టిన సముద్రం కేసి చూశారు.
దూరంగా ఎవరో మంచులో కన్నం తొలిచి
బకెట్ బోర్లించి దానిమీద కూర్చున్నారు.

"మా అక్క హిల్యా అనేది నన్ను నువ్వు అని.
మందుల షాపు ఎర్నా అనేది.
ఓస్కర్ నాలుగేళ్ళు మీరు, మీరు అంటూనే ఉన్నాడు.
ఒకరోజు పడవలో తెడ్డు జారి నీళ్ళలో పడితే
నువ్వు పట్టుకో అని అరిచాడు.
నేను పట్టుకోలేదు. తెడ్డు పోతే పోయిందనుకున్నాను.
ఎర్నా మొన్న అక్టోబర్లో పోయింది."
ఒక్కో పేరుకీ ఒక్కో వేలు మడిచారు.
"తీసివేస్తే మిగిలింది వీడొక్కడే."

తర్వాత నొక్కారు.

ఎందుకు వెళ్ళిపోతున్నావని అడిగింది తెర.
ఉత్తరాలు ఎక్కువైపోయాయి,
నాకు పనికొచ్చేవి కావు,
నేనసలు చేరనేలేదు,
ఇలా గుండ్రటి గళ్ళు, ఒక్కటీ ఆవిడకి సరిపోదు.
ఇతరములు దగ్గర ఆగి
రెండు వేళ్ళతో, ఊపిరి బిగబట్టి టైపు చేశారు:
"బూట్లు మంచివి. చుక్క నీరు దిగలేదు.
కానీ నలభై శాతం తగ్గించి, మిగిలినదాంట్లో ఇరవై తగ్గిస్తే
అరవై తగ్గినట్టు కాదు. యాభై రెండు.
సరిదిద్దుకో."

తెర ఒకసారి తెల్లబోయి మళ్ళీ వెలిగింది.
మీ అభ్యర్థన అందినది.
పది పనిదినాలలో మీ పేరు తొలగించబడును.
"చూశావా, గుమ్మం దాటేసరికి మీరు అంటున్నాడు" అన్నారు.
శనాదివారాలు కొట్టేసి, ఇరవై నాలుగున జెండా పండగ కొట్టేసి
"ఇరవై ఏడు, గురువారం" అని తేల్చారు నోటితోనే.

ఆ పది రోజులూ వాడు రాస్తూనే ఉన్నాడు.
ఆవిడ ఒక్కటీ చెరపలేదు.

గురువారం నా డ్యూటీ పుస్తకాల బల్ల దగ్గర.
వచ్చారు. ఖాళీ పెట్టె చూసుకున్నారు.
కోటు గుండీలు పెట్టుకుంటూ, నావైపు చూడకుండా,
"ఇకనుంచి నువ్వు నన్ను నువ్వు అనొచ్చు" అన్నారు.
మా ఊళ్ళో ఆ మాట పెద్దవాళ్ళే అనాలి,
అన్నాక కాదనకూడదు.
"సరే" అన్నాను.
నాలుక ఊరుకుంటేనా.
"అండి" అంది.

ఆవిడ బల్లమీద వేలితో రెండుసార్లు తట్టారు,
తప్పు లెక్క దగ్గర తట్టినట్టే.
"మళ్ళీ చెయ్యి."